ముందు బురద సంగతి తేల్చండి, చేపల సంగతి తర్వాత

2022 ఏప్రిల్ 4 దాకా మన పాత చిత్తూరు జిల్లావాళ్ళకు సముద్రం లేదు. చూడాలంటే మద్రాసు బండెక్కాల్సిందే. తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట, తడ మండలాలు అందులో కలిసేసరికి పులికాట్ సరస్సులో పెద్ద భాగం, శ్రీహరికోట తీరం మన లెక్కలోకి వచ్చాయి. నాయుడుపేట పారిశ్రామిక వాడా వాటితోపాటే వచ్చింది. సత్యవేడు వైపు శ్రీసిటీ అంతకు ముందే మనకు ఉంది. ఫ్యాక్టరీలు, ఉప్పునీళ్ళు ఒకే జిల్లాలో ఇంత దగ్గర దగ్గరగా ఉన్నాక, ఫ్యాక్టరీల వల్ల చచ్చి మళ్ళీ లేచిన అఖాతాలు ఎలా లేచాయో తెలుసుకోవడం మనకు కాలక్షేపం కబురు కాదు.

ఈ సంగతి మీద వచ్చే వార్తలన్నీ ఒక్క అచ్చులోంచే ఊడిపడతాయి. ఒకప్పుడు నల్లగా కంపు కొట్టిన నీళ్ళు, ఇప్పుడు నీలంగా ఉన్నాయి, ఇదిగో డాల్ఫిన్ ఫోటో. కింద ఎవరో నాయకుడు చేపపిల్లలు వదులుతున్న ఫోటో ఇంకొకటి. ఈ రెండు ఫోటోల్లో దేన్నీ సాక్ష్యంగా ఒప్పుకోకూడదన్నది నా వాదన. చేపకు ఈదడం వచ్చు. పొద్దున పోటుతో లోపలికి వస్తుంది, ఊపిరాడకపోతే సాయంత్రానికి బయటికి పోతుంది. బురదలో బతికే పురుగుకు ఆ సదుపాయం లేదు. ఏడాది పొడుగునా అక్కడి నీళ్ళు ఎలా ఉన్నాయో దాని ఒంటి మీదే తెలుస్తుంది. అఖాతం కోలుకుందా లేదా అన్నది తేల్చాల్సింది అడుగు బురదలో.

ముందు అసలు చావు ఎలా వస్తుందో చూద్దాం. 28 డిగ్రీల దగ్గర సముద్రపు నీళ్ళు లీటరుకు సుమారు 6.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను మించి పట్టుకోలేవు. వ్యర్థంలోని సేంద్రియ పదార్థాన్ని కుళ్ళబెట్టడానికి బాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్‌ను బీఓడీ అంటారు. ఒక కిలో బీఓడీ నీళ్ళలో పడితే అది 1,56,000 లీటర్ల సముద్రపు నీళ్ళలోని ఆక్సిజన్ మొత్తాన్ని తాగేస్తుంది. 12,000 లీటర్ల ట్యాంకర్లు పదమూడు. శుద్ధి చేయని ఊరి మురుగులో లీటరుకు 250 మిల్లీగ్రాముల బీఓడీ ఉందనుకుంటే, రోజుకు పది లక్షల లీటర్లు వదిలితే 250 కిలోలు, అంటే దాదాపు 3.9 కోట్ల లీటర్ల నీళ్ళ ఊపిరి. అదే మురుగును 30 మిల్లీగ్రాములకు దించి వదిలితే 47 లక్షల లీటర్లు. అలలు గాలిని కలుపుతూనే ఉంటాయి కాబట్టి ఇంత నేరుగా లెక్క నడవదు. కలిసే వేగాన్ని పోసే వేగం దాటినప్పుడే గొడవ మొదలవుతుంది.

10 డిగ్రీల చల్లటి సముద్రం లీటరుకు 9 మిల్లీగ్రాముల పైచిలుకు పట్టుకుంటుంది. పైగా మన వేడికి బాక్టీరియా జోరు ఎక్కువ, చేపకు ఊపిరి అవసరమూ ఎక్కువ. చలిదేశంలో ఒక రేవు తట్టుకున్న మురుగును మన ఉప్పుటేరు తట్టుకోలేదు. వాళ్ళ హద్దులను తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. అందులోనూ పులికాట్ సగటు లోతు మీటరు చుట్టూనే, ఎండాకాలం అంతకన్నా తక్కువ.

అందుకని మొదటి పని పోసేది ఆపడం. చెప్పడానికి ఇంత చప్పగా ఉంటుంది కాబట్టే ఎవరూ దీన్ని ముందు చేయరు. అమెరికాలోని బోస్టన్ రేవు ఎలా బాగుపడిందో చూడండి. 1991 డిసెంబరు దాకా అక్కడ మురుగు శుద్ధిలో మిగిలిన బురదను తిరిగి రేవులోకే వదిలేవారు. ముందు దాన్ని ఆపి, ఎండబెట్టి ఎరువు గుళికలుగా మార్చారు. డీర్ ఐలండ్‌లో పెద్ద శుద్ధి కేంద్రం కట్టారు. 2000 సెప్టెంబరులో, శుద్ధి చేసిన నీళ్ళను సముద్రం అడుగున 15 కిలోమీటర్ల సొరంగంలో బయటికి తీసుకెళ్ళి వదలడం మొదలుపెట్టారు. మొత్తం ఖర్చు 380 కోట్ల డాలర్లు. చేపపిల్లలు వదిలే పండగలతో అయిన పని కాదది.

తర్వాత అక్కడి బురదలో జరిగిందే నాకు అన్నిటికన్నా ఆసక్తి. ఆంపెలిస్కా అనే చిన్న పీచురొయ్యలాంటి జీవి 1990ల నడుమ రేవు అడుగంతా పరుచుకుంది. అది బురదలో గొట్టాలు అల్లుకుని బతుకుతుంది, నీళ్ళను ఆ గొట్టాల గుండా లోపలికి లాగుతుంది. ఏ యంత్రమూ లేకుండా బురదలోకి ఆక్సిజన్ ఎక్కింది. పాత పెంట చాలావరకు అలా కరిగింది. ఆ తర్వాత తిండి తగ్గి ఆంపెలిస్కా కూడా తగ్గింది. దాని సంఖ్య పడిపోవడం చూసి 'జీవరాశి మళ్ళీ పోతోంది' అని రాసేవాళ్ళు ఉంటారు. అడుగు ఇంకో మెట్టెక్కుతోందని అర్థం. అదే రేవులో అడుగున పడుకుని బతికే ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేపల కాలేయాల్లో 1980లలో గడ్డలు ఉండేవి, 2004 తర్వాత కనబడలేదు. డాల్ఫిన్ ఫోటో కన్నా ఈ చేప కాలేయం ఎక్కువ చెబుతుంది. ఎందుకంటే అది ఒళ్ళంతా బురదకు ఆనించి పెరిగిన చేప.

అడుగున జీవులు తిరిగొచ్చే వరసను పియర్సన్, రోజెన్‌బర్గ్ అనే ఇద్దరు 1978లో ఒక క్రమంగా గీశారు. ఇప్పటికీ అదే వాడుక. పూర్తిగా చచ్చిన చోట బురద పైదాకా నల్లగా ఉంటుంది, మురిగిన కోడిగుడ్డు వాసన వేస్తుంది, మీద తెల్లటి బాక్టీరియా పొర ఉంటుంది. పోసేది కాస్త తగ్గగానే వచ్చేది కాపిటెల్లా అనే సన్నటి ఎర్ర పురుగు. చదరపు మీటరుకు వేలల్లో పుడుతుంది. జీవులు బోలెడు, జాతులు మాత్రం ఒకటో రెండో. ఇక్కడే చాలామంది మోసపోతారు, 'బురద నిండా జీవం' అని. ఇంకా బాగుపడితే రకరకాల పురుగులు, చిన్న గుల్లలు వస్తాయి, కాపిటెల్లా పలచబడుతుంది. ఆ తర్వాతే లోతుగా బొరియలు చేసే రొయ్యలు, ఎండ్రకాయలు, పెద్ద గుల్లలు. లెక్కించాల్సింది తలలను కాదు, జాతులను. వాటితోపాటు బొరియల లోతును.

పులికాట్‌లో ఈ పరీక్షకు ఓడ అక్కర్లేదు, అడుగు బురదను పట్టి తీసే గ్రాబ్ యంత్రమూ అక్కర్లేదు. 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం, దానికి రెండు మూతలు చాలు. నడుములోతు నీళ్ళలో దిగి, గొట్టాన్ని 20 సెంటీమీటర్లు నిలువుగా బురదలోకి నొక్కాలి. పై మూత గట్టిగా బిగించాకే పైకి లాగాలి. లేకపోతే గాలి చొరబడి బురద జారిపోతుంది, పనికొచ్చే పై పొరే ముందు పోతుంది. కింది కొస నీళ్ళు దాటకముందే చెయ్యి పెట్టి రెండో మూత వెయ్యాలి. ఒక గొట్టం 78 చదరపు సెంటీమీటర్లే కాబట్టి ఒక్కో చోట కనీసం ఐదు తీయాలి. ఒకటి తీసి సగటు కట్టేవాళ్ళ లెక్కను నమ్మొద్దు, పురుగులు గుంపులుగా ఉంటాయి.

ఇంకో గొట్టాన్ని విడిగా నిలువునా చీల్చి గోధుమరంగు పై పొర మందం స్కేలుతో కొలవాలి. ఆక్సిజన్ ఎంత లోతుకు దిగిందో చెప్పేది అదే. చీల్చిన వెంటనే చూడాలి. గాలి తగిలితే నల్లటి బురద కూడా కాసేపటికి గోధుమరంగుకు తిరుగుతుంది, అప్పుడు తీసిన ఫోటో అబద్ధం చెబుతుంది. మిగతా ఐదింటి బురదను అర మిల్లీమీటరు కన్నం ఉన్న జల్లెడలో అదే చోటి నీళ్ళతో కడగాలి. బోరు నీళ్ళతో కడిగితే ఉప్పు తేడాకు పురుగులు పగులుతాయి. పైపు పెట్టి జోరుగా కొడితే తెగిపోతాయి. బంకమన్ను జల్లెడను మూసేస్తుంది కాబట్టి బకెట్లో మెల్లగా కలిపి కొంచెం కొంచెంగా పోసుకోవాలి. మిగిలినదాన్ని ఒక వంతు ఫార్మలిన్, తొమ్మిది వంతుల సముద్రపు నీళ్ళలో వేయాలి. అందులో చిటికెడు బోరాక్స్ కలపాలి, లేకుంటే ఆమ్లానికి చిన్న గుల్లల పెంకులు కరిగిపోయి లెక్కలోకే రావు. రోజ్ బెంగాల్ రంగు వేస్తే జీవాలు గులాబీ రంగులో తేలతాయి, చెత్త విడిపోతుంది. రెండు మూడు రోజుల తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చుకోవాలి. ఫార్మలిన్‌తో చేతికి తొడుగు, కిటికీ తెరిచిన గది తప్పనిసరి. లెక్క పెట్టేటప్పుడు తల ఉన్న ముక్కనే లెక్కించాలి. తోకలు కూడా కలిపితే పురుగుల జనాభా రెట్టింపవుతుంది.

నీళ్ళ ఆక్సిజన్ కొలతలో మోసం గడియారం దగ్గర జరుగుతుంది. ఎరువు నీళ్ళు చేరిన సరస్సులో నాచు మధ్యాహ్నం మూడింటికి ఆక్సిజన్‌ను 10, 12 దాకా తీసుకెళ్తుంది. అదే నాచు రాత్రంతా ఊపిరి పీల్చి తెల్లారేసరికి ఒకటికి దించుతుంది. చేపలు చచ్చేది ఆ తెల్లవారుజామున. ఆఫీసు వేళల్లో, పదకొండింటికి తీసిన నమూనా ఎప్పుడూ బాగానే ఉంటుంది. సూర్యోదయానికి ముందు ఒకటి, మూడింటికి ఒకటి, రెండూ అడుగు నీళ్ళలోంచే తీయాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల కిందికి పడితే అడుగు జీవులకు కష్టం మొదలైనట్టే.

ఆక్సిజన్ కొలిచే మీటరు లేకపోతే, మందులతో కొలిచే వింక్లర్ పద్ధతి ఉండనే ఉంది. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ లేకుండా నింపి, పిపెట్ కొనను నీళ్ళలో ముంచి 2 మిల్లీలీటర్ల మాంగనీస్ సల్ఫేట్, 2 మిల్లీలీటర్ల ఆల్కలీ అయొడైడ్ అజైడ్ వేయాలి. మూత పెట్టి తలకిందులు చేసి కలిపితే, ఆక్సిజన్ ఉన్న నీళ్ళలో గోధుమరంగు మడ్డి దిగుతుంది. మడ్డి తెల్లగా దిగితే ఇక కొలవాల్సింది పెద్దగా లేదు. 2 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో మడ్డి కరిగాక 203 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మాలిటీ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి, రంగు లేత పసుపుకు వచ్చాకే స్టార్చ్ వేయాలి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఈ మందులన్నీ దొరుకుతాయి.

ఇక శుద్ధి కేంద్రాల దగ్గర జరిగే తప్పు. బీఓడీ దించితే పని అయిపోయిందనుకుంటారు. నత్రజని అలాగే మిగిలిపోతుంది. సముద్రంలో నాచుకు ఎక్కువగా కొరత ఉండేది నత్రజనికే. అది అందగానే నాచు పెరుగుతుంది, చచ్చి అడుగుకు దిగుతుంది, కొత్త బీఓడీ అక్కడే తయారవుతుంది. అమెరికాలో టాంపా అఖాతం ఈ పాఠాన్ని ముందు నేర్చుకుంది. అక్కడి మురుగుకు 1970లలోనే లీటరుకు 3 మిల్లీగ్రాముల మొత్తం నత్రజని హద్దు పెట్టారు. ముందు గాలి కొట్టి అమ్మోనియాను నైట్రేటుగా మార్చాలి, తర్వాత గాలి లేని ఫిల్టర్లలో బాక్టీరియాకు తిండిగా మెథనాల్ ఇచ్చి నైట్రేటును నత్రజని వాయువుగా వదిలించాలి. కరెంటు ఆపి గాలి తగ్గిస్తే మొదటి మెట్టే ఆగుతుంది. మన కేంద్రాల్లో ఎక్కువగా తెగేది అక్కడే, గాలి కొట్టే బ్లోయర్ల కరెంటు బిల్లు దగ్గర.

టాంపాలో నీళ్ళు తేటపడి వెలుగు అడుగుకు దిగింది. 1982లో 21,600 ఎకరాలకు పడిపోయిన సముద్రపు గడ్డి 2016కు 41,000 ఎకరాలు దాటింది. చాలావరకు ఎవరూ నాటకుండానే. అక్కడితో కథ ఆపేసే వ్యాసాలు చాలా ఉన్నాయి. 2022 సర్వేలో అది 30,137 ఎకరాలకు దిగిపోయింది. 2021లో పైనీ పాయింట్ అనే మూతపడ్డ ఎరువుల ఫ్యాక్టరీ చెరువు నుంచి సుమారు 81 కోట్ల లీటర్ల నీళ్ళు అఖాతంలోకి వదలాల్సి వచ్చింది. గడ్డి తగ్గడం అంతకు ముందే మొదలైంది కాబట్టి నేరం అంతా దాని మీదే మోపలేం. కానీ ఫ్యాక్టరీ మూసేసినా దాని చెరువు మూతపడదన్నది మాత్రం అక్కడ తేలింది.

పోసేది ఆగాక పాత బురద మాటేమిటి? ఇక్కడ తొందరపాటు ప్రమాదం. భార లోహాలు ఉన్న బురదను తవ్వితే అడుగున బంధించి ఉన్న విషం మళ్ళీ నీళ్ళలోకి లేస్తుంది. జపాన్‌లోని మినమాటలో చిస్సో ఫ్యాక్టరీ 1932 నుంచి 1968 దాకా వదిలిన పాదరసం అఖాతం అడుగున చేరింది. ఆ చేపలు తిన్నవాళ్ళకు వచ్చిన రోగం 1956లో అధికారికంగా బయటపడింది. 1974లో అఖాతం ముఖాన వలలు కట్టి లోపలి చేపలు బయటికి రాకుండా అడ్డుకున్నారు. లోపల పట్టిన చేపలను డ్రమ్ముల్లో వేసి పూడ్చారు. 1977 నుంచి 1990 దాకా, పాదరసం 25 పీపీఎం (పది లక్షల వంతుల్లో 25 వంతులు) దాటిన సుమారు 15 లక్షల ఘనపు మీటర్ల బురదను ఉక్కు పలకల గోడల వెనక కప్పెట్టి 58 హెక్టార్ల కొత్త నేల చేశారు. చేపల్లో పాదరసం 0.4 పీపీఎం హద్దు లోపలే ఉందని పరీక్షల్లో తేలాకే 1997లో వలలు తీశారు. అన్నేళ్ళూ లోపల చేపలు ఉన్నాయి, ఈదుతూనే ఉన్నాయి. 'చేపలు తిరిగొచ్చాయి' అన్నది కొలబద్ద అయితే మినమాట ఎప్పుడూ చెడిపోనే లేదనాలి. ఆ పాదరసం ఇప్పటికీ ఆ గోడ వెనకే ఉంది. ఉక్కు ఉప్పునీళ్ళలో తుప్పు పడుతుంది కాబట్టి కాపలా కొనసాగాల్సిందే.

విషం లేని, వట్టి సేంద్రియ బురద అయితే చాలాసార్లు తవ్వకుండా వదిలేయడమే మేలు. బోస్టన్‌లో ఆ పని ఆంపెలిస్కా చేసింది. బురదలో దాగిన భాస్వరం కొన్నేళ్ళ పాటు పైకి వస్తూ నాచును మేపుతుంది. ఆ కాలంలో 'కోట్లు పోసినా ఫలితం లేదు' అన్న వార్త తప్పకుండా వస్తుంది. అప్పుడు బడ్జెట్ కోయడం మొత్తం పనిని చెడగొట్టడమే.

ఖర్చు ఎవరిది అన్నదానికి జపాన్‌లోనే ఇంకో జవాబు ఉంది. కిటాక్యూషూలోని దోకై అఖాతాన్ని 1960లలో చావు సముద్రం అనేవారు. 1970ల నడుమ అక్కడ సుమారు 3,50,000 ఘనపు మీటర్ల పాదరసపు బురద తవ్వితే, ఖర్చులో 71 శాతం ఫ్యాక్టరీలే కట్టాయి. ఇప్పుడు అక్కడ నూటికి పైగా జాతుల చేపలు, ఇతర జీవులు లెక్కకు వచ్చాయి. దీన్ని నడిపించినవాళ్ళలో తొబాతా ఆడవాళ్ళ సంఘాలు ముందున్నాయి. ముందు ఫ్యాక్టరీల పొగ నుంచి రాలే మసిని వాళ్ళే కొలిచారు, కాగితం మీద పెట్టారు, అప్పుడు అడిగారు.

మన నీళ్ళు ఎటు పోతాయో కూడా చూడాలి. కృష్ణాపురం జలాశయం దాటిన కుశస్థలి, నగరి ఏరును కలుపుకుని పూండి చెరువు మీదుగా మద్రాసు పక్కనున్న ఎన్నూరు ఉప్పుటేరులో పడుతుంది. పిచ్చాటూరు దగ్గర ఆనకట్ట ఉన్న అరణియార్ పులికాట్‌లో పడుతుంది, సూళ్ళూరుపేట కాళంగి కూడా అందులోకే. నగరి, పుత్తూరు అద్దకం నీళ్ళే ఎన్నూరును చంపాయని ఎవరైనా అంటే అది తప్పు. పూండి ఆనకట్ట మధ్యలో ఉంది, వరదకు తప్ప కిందికి పెద్దగా పోవు. ఎన్నూరు జబ్బు ఎన్నూరుదే: కరెంటు కేంద్రాల బూడిద, వేడినీళ్ళు, 2023 డిసెంబరు తుఫాను వరదలో పాకిన చమురు. అద్దకం నీళ్ళ దెబ్బ మన చేల మీద, బావుల మీద. నూలు అద్దే తొట్టిలో లీటరుకు 30 నుంచి 80 గ్రాముల ఉప్పు వేస్తారు, అది ఏ బాక్టీరియా తొట్టిలోనూ పోదు. సముద్రానికి ఉప్పు లెక్కలోది కాదు, చెరకు తోటకు అది చావు. ఒకే మురుగు రెండు చోట్ల రెండు రకాలుగా చంపుతుంది, హద్దులు కూడా రెండు రకాలుగా ఉండాలి.

పులికాట్‌కు ఇంకో చిక్కుంది. సముద్రంతో కలిపే మొగలు ఇసుకతో పూడుతుంటాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు వేసిన రోడ్డు కట్ట ఉత్తర భాగాన్ని కోసేసింది. పోటు నీళ్ళు సరిగా తిరగకపోతే తక్కువ మురుగే ఎక్కువ చేటు చేస్తుంది. ఒడిశాలోని చిలికా సరస్సులో 2000లో కొత్త మొగ కోశాక కొన్నేళ్ళలోనే చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగింది. పులికాట్‌లోనూ మొగలు తవ్వాలన్న డిమాండు సరైనదే. అయితే అది మురుగు శుద్ధికి బదులు కాదు. మొగ తెరిస్తే మురుగు పలచబడుతుంది, అంతే. మడ మొక్కలు నాటడమూ అంతే. పోటు నీళ్ళు రోజూ వచ్చి వెనక్కి దిగిపోయే ఎత్తులో నాటకపోతే, ఎప్పుడూ మునిగి ఉండే బురదలో నాటితే, మొదటి ఏడాదిలోనే కుళ్ళిపోతాయి. ముందు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీళ్ళు తిరిగేలా చేసిన చోట్ల అవి బతికాయి.

మత్స్యశాఖ చేపపిల్లలు వదలడం తప్పంటారా అని అడగొచ్చు. మంచి నీళ్ళున్న చెరువులో తప్పు లేదు. ఆక్సిజన్ తెల్లారి ఒకటికి పడిపోయే ఉప్పుటేరులో వదలడం కన్నా ఆ డబ్బుతో పీవీసీ గొట్టాలు, జల్లెడలు కొంటే ఎక్కువ లాభం. గుడ్లు, పిల్లలు పోటుతో వాటంతట అవే వస్తాయి. పండుగప్పకు దారి చూపాల్సిన పని లేదు, వచ్చాక ఊపిరి ఉంటే చాలు.

శ్రీసిటీ, నాయుడుపేట వైపు ఇంకా చచ్చిన అఖాతం లేదు. అందుకే ఇప్పుడే కొలవాలి. చెడిపోకముందు ఎలా ఉండేదో లెక్క లేకపోతే రేపు ఎవరు ఏమన్నా కాదనలేం. కాళంగి కలిసేచోట ఒకటి, తడ ఒడ్డున ఒకటి, రోడ్డు కట్టకు ఉత్తరాన ఒకటి, మొగ దగ్గర ఒకటి, ఏ ఏరూ ఫ్యాక్టరీ నీళ్ళూ చేరని చోట పోల్చడానికి ఒకటి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు సెప్టెంబరులో, వానలు వెళ్ళాక ఫిబ్రవరిలో. ఒక విడతకు ఐదు చోట్ల జల్లెడ పట్టడానికి ఐదేసి గొట్టాలు, మొత్తం పాతిక, చీల్చి చూడటానికి ఇంకో ఐదు. వెంకటేశ్వర యూనివర్సిటీ జువాలజీ విద్యార్థుల ప్రాజెక్టుకు సరిపోయే పని. సీసా మీద కాగితం అంటిస్తే ఆల్కహాల్‌కు సిరా చెరిగిపోతుంది. పెన్సిల్‌తో రాసిన చీటీ లోపల వేయాలి: తేదీ, చోటు, గొట్టం నంబరు, జల్లెడ కన్నం.